మా ఇంటి మంత్రి, వాళ్ళింటి మంత్రి

పంతొమ్మిదేళ్ళప్పుడు నాకు పిచ్చి పట్టింది. మాటవరసకి అనడం లేదు. కంచంలో రెండు వంకాయ ముక్కలు ఎదురెదురుగా పడితే ఏది దేన్ని కొడతాదా అని చూసేదాన్ని. బస్సులో ముందు సీట్లలో తలకాయలు వరసగా కనిపిస్తే, నడుమ తలకాయ లేస్తే దారి తెరుచుకుంటాది కదా అనుకోని ఊరికే నవ్వేదాన్ని. మా అమ్మ నాలుగు రోజులు నన్ను కనిపెట్టి చూసి, "దీనికి గాలన్నా సోకిండాల, ప్రేమన్నా సోకిండాల" అని తేల్చింది. రెండూ కాదు. వేలూరులో ఒక బ్రౌసింగ్ సెంటర్లో కూర్చోని నేను కంప్యూటరుతో చదరంగం ఆడతా ఉండాను.

మాది గుడియాత్తం. కట్టుబడి పని చేసే ఇల్లు. మా నాయన మేస్త్రీ. మా అమ్మ పెళ్ళయిన కొత్తలో ఆయన సైట్లలోనే చిత్తాళు, అంటే తలమీద సిమెంటు చట్టి మోసే కూలి. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బళ్ళో రాసింది తమిళం. ఈ తెలుగు అక్షరాలు నేను ముప్పై దాటినాక నేర్చుకున్నా, కాబట్టి యాడన్నా గుణింతం జారితే మా ఇంటిని తిట్టుకోవద్దండి, నన్నే తిట్టండి.

మా నాయనకి సంతకం తప్ప చదువు రాదు గానీ చదరంగంలో ఆయన్ని ఓడించినవాడు గుడియాత్తంలో లేడని ఆయన నమ్మకం. పాత సెంట్రింగ్ పలక ఒకదాని వెనక రెడ్ ఆక్సైడుతో గళ్ళు గీసి పెట్టుకున్నాడు. టైల్స్ ముక్కలు, ఇటిక ముక్కలు చెక్కి కాయలు చేసినాడు. ఆటలో ఆయన చట్టాలు ఆయనవి, వాళ్ళ తాత కాలం నుంచి వచ్చినవి. బంటు ఒక్కడుగే నడవాల. రాజు ఆట మొత్తం మీద ఒక్కసారి గుర్రం మాదిరి ఎగరచ్చు. ఎదుటివాడి మంత్రిని పట్టేముందు "మంత్రికి" అని నోటితో చెప్పాల, చెప్పకుండా కొడితే అది దొంగతనం. ఎనిమిదేళ్ళప్పటి నుంచి నేను ఆయనతో ఆడి ఓడతా ఉండాను. ఓడినప్పుడంతా, "పోయి మీ అమ్మకి ఉల్లిపాయలు తరిగియ్యి" అనేవాడు.

అప్పుడు నేను కాట్పాడి పక్క పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా రెండో సంవత్సరం. నాయన లెక్క ప్రకారం నేను చదువు అయిపోయినాక ఏదన్నా ఆఫీసులో ఫ్యాను కింద కూర్చోని ప్లాన్లు గియ్యాల. నాకేమో కాగితం మీద గోడ అంటే ఆకలికి అన్నం బొమ్మ చూపించినట్టే ఉండేది. నాకు సైటు కావాల. సారం ఎక్కాల, అదే, గోడ పక్కన కొయ్యలు కట్టి నిలబడతారే, దాని మీద నిలబడి గోడ లేస్తా ఉంటే చూడాల. ఒకరోజు అన్నం తింటా ఉండగా అడిగేసినా.

"ఆడది సైటుకొస్తే చట్టే మోస్తాది. మీ అమ్మ మోసింది చాలు," అన్నాడు నాయన.

"నేను చట్టి మొయ్యను. మట్టం చూస్తా."

"మట్టం చూసే ఆడదాన్ని నువ్వు యాడన్నా చూసినావా?"

"లేదు. అందుకే అడగతా ఉండా."

మా అమ్మ గరిటె పట్టుకోని నవ్వు ఆపుకుంటా నిలబడింది. నాయన చెయ్యి కడుక్కోని, పలకవైపు చూపించి, "నన్ను ఒక్కాట గెలువు. ఆ మరుసటి రోజే సారం ఎక్కిస్తా" అన్నాడు. పదకొండేళ్ళుగా ఓడతా ఉండే దాన్ని కదా, ధైర్యంగా అనేసినాడు. నేను మాత్రం ఆ మాటని కొంగున ముడేసుకున్నా.

బ్రౌసింగ్ సెంటర్ దొరకడం నా అదృష్టం. పరీక్షల మార్కులు చూసేదానికి వేలూరు బస్టాండు వెనక సందులో, చెప్పుల షాపు మేడ మీద ఉండే సెంటరుకి పోయినా. దాని ఓనరు రిటైరైన లెక్కల వాద్యారు, అదే అయ్యవారు, తమిళాయన. అద్దాలు ముక్కు చివర పెట్టుకోని మొదటి సిస్టంలో తానే చదరంగం ఆడుకుంటా ఉండాడు. ఎదురుగా మనిషి లేడు. కాయలు వాటంతట అవే కదలతా ఉండాయి. నేను మార్కులు మరిచిపోయి ఆయన వెనక నిలబడిపోయినా. ఆయన తిరిగి చూసి, "ఆడ్రియామ్మా?" అని అడిగినాడు, ఆడతావా అని. నేను తలూపినా.

ఆ రోజు నుంచి కాలేజీ అయినాక అరగంట అక్కడే. ఫోను లైను కీచుమని అరిచి అరిచి ఎప్పటికో కలిసేది. పలక ఒక్కసారి వచ్చేది కాదు, గోడకి సున్నం కొట్టినట్టు పైనుంచి కిందికి వరస వరసగా దిగేది. నా గుండె కూడా దాంతోపాటే దిగేది. ఆ చదరంగం వెబ్‌సైటులో మూడు లెవెళ్ళు ఉండాయి, నేను కింది లెవెల్లో మొదలుపెట్టినా. వాద్యారు నాకు మొదటి రోజే ఒక గురుమంత్రం చెప్పినాడు. "మొదల్ల మందిరియ వెలియ ఎడు. మందిరి ఉళ్ళయే ఉక్కాంద్రుందా ఆట్టం జయిక్కాదు." అంటే, ముందు మంత్రిని బయటికి తియ్యి, మంత్రి లోపలే కూర్చోనుంటే ఆట గెలవదని.

గురువు చెప్పినాడంటే ఇంక తిరుగుండాదా? నేను రెండో ఎత్తుకే మా మంత్రిని, అదే రాజు పక్కన ఉంటాదే, అన్ని దిక్కులా తిరిగేది, దాన్ని నడివీధిలోకి తెచ్చి నిలబెట్టేదాన్ని. కంప్యూటరు గుర్రాలు దాన్ని తరిమేవి. బంట్లు కూడా తరిమేవి. నా మంత్రి సంతలో తప్పిపోయిన మేకపిల్ల మాదిరి ఇటు దూకి అటు దూకి, పదో ఎత్తుకి పోయేది. "మంత్రికి" అని ఒక్క మాట చెప్పేది కాదు ఆ పాపిష్టి కంప్యూటరు, గమ్మున వచ్చి గమ్మున కొట్టేది. పదిహేడాటలు వరసగా ఓడినా. విచిత్రం ఏందంటే నాకు ఏడుపు రాలేదు. ఓడినా ఎగతాళి చెయ్యనిది, ఉల్లిపాయలు తరగమననిది నా బతుకులో అదే మొదలు. ఓడితే ఇంకో ఆట ఆడతావా అని మర్యాదగా అడిగేది. ఆడతా తల్లీ, ఎందుకాడను.

పద్దెనిమిదో ఆటలో వాద్యారు నా వెనక నిలబడి చూసినాడు. నా మంత్రి యథాప్రకారం వీధిలో ఉండాది.

"ఏమ్మా, రాణియ ఏన్ ఇప్పిడి తెరువుల విడ్రే?" అన్నాడు, రాణిని ఎందుకు ఇట్ల వీధిలో వదిలేస్తావు అని.

"రాణి యాడుంది సార్? ఇది మందిరి. మీరే కదా వెలియ ఎడు అన్నారు?"

ఆయన అద్దాలు తీసి, తుడుచుకోని, మళ్ళా పెట్టుకున్నాడు. తెర మీద ఐమూలగా నడిచే కాయ మీద వేలు పెట్టి, "ఇదుదాన్ మందిరి" అన్నాడు, ఇదే మంత్రి అని. నేను పుట్టినప్పటి నుంచి ఒంటె అంటా ఉండే కాయ అది. నాకు అర్థం కావడానికి రెండు నిమిషాలు పట్టింది. మా ఇంటి మంత్రి వాళ్ళింట్లో రాణి. వాళ్ళింటి మంత్రి మా ఇంట్లో ఒంటె. ఆయన ఒంటెను బయటికి తియ్యమంటే నేను రాణిని తెచ్చి గుర్రాలకి మేత వేసినా, పదిహేడుసార్లు. నవ్వు మొదలయింది చూడండి, ఆపలేకపోయినా. కడుపు పట్టుకోని టేబులు మీద పడినా. వాద్యారు మొదట భయపడినాడు, తర్వాత ఆయన కూడా నవ్వినాడు.

ఇంటికి పోయి అమ్మకి చెప్పినా. మంత్రి అనేది మంత్రే కాదంటమ్మా, ఆడదంట, రాణంట అని. అమ్మ ముళ్ళ వంకాయలు కోస్తా ఒక్క క్షణం ఆలోచించి, "అది నిజమే అయ్యుండాల. ఇంటిల్లిపాదికీ పరిగెత్తేది అదే కదా. రాజు చూడు, కూర్చున్న కాడి నుంచి ఒక్కడుగు జరగతాడు, అది కూడా ఎవురన్నా తరిమితేనే" అంది. మా నాయన అప్పుడు గోడకానుకోని టీ తాగతా ఉండాడు. ఆయనకి ఎందుకు నవ్వతా ఉండామో తెలీలేదు.

మంత్రి గొడవ తీరినాక నా ఆట మారిపోయింది. వాద్యారు తమిళంలో చెప్పింది లోపల తెలుగులోకి తిప్పుకోకుండా, కాయని కాయగా చూడటం అలవాటు చేసుకున్నా. బంటు మొదటి అడుగు రెండు గళ్ళు వెయ్యచ్చని తెలిసింది. రాజూ ఏనుగూ ఒకే ఎత్తులో కదిలి రాజు మూలకి పోయి దాక్కోవచ్చని తెలిసింది, దాన్ని తమిళంలో కోట కట్టడం అంటారు. మూడో వారంలో ఒక సాయంత్రం కంప్యూటరు రాజు యాడికీ పోలేకుండా నిలిచిపోయినాడు. నేను గెలిచినానని తెర మీద ఇంగ్లీషులో వచ్చింది. మూడుసార్లు చదివినా. బస్టాండులో రోజ్ మిల్క్ ఒకటి తాగినా, చాలక ఇంకొకటి తాగినా. బస్సెక్కితే కండక్టరు "ఎంగమ్మా?" అని అడిగినాడు, యాడికి అని. నేను "ఆటకట్టు" అన్నా. ఆయన చీట్ల కట్ట చేతిలో పట్టుకోని, అట్లాంటి స్టాపింగు ఈ రూట్లో లేదమ్మా అన్నాడు.

ఆ ఆదివారం నాయన ముందర పలక వేసినా. గుండె ధైర్యం అంతా ఇంతా కాదు. నాలుగెత్తులు బాగా నడిచినాయి. అయిదో ఎత్తులో రాజునీ ఏనుగునీ రెండింటినీ ఎత్తి కోట కట్టేసినా. నాయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"రెండు కాయలు ఒక్కసారి జరపతావా? ఇదేం దొంగాట?"

"ఇది రూలు నాయనా. కంప్యూటరు కూడా ఇట్లే ఆడతాది."

"అట్లయితే నీ కంప్యూటరు కూడా దొంగే."

కోట లేదన్నాడు. బంటుకి రెండడుగులు లేవన్నాడు. నేను వారాలుగా నేర్చుకున్నదంతా ఆ పలక మీద చెల్లని కాసు అయింది. ఆయన రాజు మాత్రం గుర్రం మాదిరి ఎగిరి నా ఏనుగుని కొట్టినాడు, అది మాత్రం రూలంట. ఓడిపోయినా. ఉల్లిపాయల మాట ఆయన ఎత్తకముందే నేనే లేచి కత్తిపీట తీసుకున్నా. కోపం తలకెక్కి ఉండాది. "అంత మొనగాడివైతే వచ్చి దాంతో ఆడు," అన్నా.

మేస్త్రీని అట్ల అంటే ఊరుకుంటాడా? "వస్తా. దాన్ని నేను గెలిస్తే నువ్వింక సైటు మాట ఎత్తకూడదు, జన్మలో. అది నన్ను గెలిస్తే, సరే, నాకు తెలీనిది నీకేదో తెలుసని ఒప్పుకోని సారం ఎక్కిస్తా," అన్నాడు. అమ్మ నావైపు చూసి వద్దని కళ్ళతో చెప్పింది. నేను "సరే" అన్నా. కంప్యూటరు మీద నాకు అంత నమ్మకం.

తరువాతి ఆదివారం నాయన తెల్ల పంచె కట్టి, ఇస్త్రీ చొక్కా తొడుక్కోని నాతో బస్సెక్కినాడు. సెంటరు మెట్లెక్కి వాకిట్లో చెప్పులు వదిలినాడు. లోపలికొస్తానే గోడ మీద వేలుతో తట్టి, "పూత పొల్లు. ఇసక ఎక్కువేసినారు" అన్నాడు. వాద్యారుకి దండం పెట్టినాడు. ఇద్దరూ తమిళంలో ఊరు, కులం, బిడ్డలు అన్నీ మాట్లాడుకున్నాక ఆట మొదలయింది. లెవెళ్ళు మూడుండాయి నాయనా అంటే, "కిందిది పిల్లోల్లది. పైది గర్వం. నడుమది పెట్టు" అన్నాడు. మౌసు ఆయన చేతికి లొంగలేదు, తాపీ పట్టినట్టు గట్టిగా పట్టుకుంటే బాణం గుర్తు తెర దాటి పోతా ఉండాది. కాబట్టి ఆయన చెప్పేది, నేను జరిపేది అని ఒప్పుకున్నాం.

ఆయన రాజుని గుర్రం మాదిరి ఎగరమన్నాడు. నేను జరిపితే రాజు వెనక్కొచ్చి కూర్చున్నాడు. మళ్ళా జరిపినా, మళ్ళా వచ్చినాడు. "రాజు మాటే వినదా ఇది," అన్నాడు నాయన. ఇంతలో కంప్యూటరు కోట కట్టింది. నాయన కుర్చీలోంచి లేచినాడు. వాద్యారు పరిగెత్తుకోని వచ్చి, అది దొంగాట కాదు, కోట్టై కట్టడం అని ఓపిగ్గా చెప్పినాడు. నాయన నిలబడే ఆలోచించినాడు. "కట్టుబడి పనా? అట్లయితే సరే," అని కూర్చున్నాడు. కట్టేదాన్ని తప్పనేదానికి ఆయనకి నోరు రాదు.

ఆయన ఆడతా ఉంటే నాకు ఒళ్ళు తేలిపోయింది, దేవుడి సాక్షిగా చెప్తా ఉండా. పదకొండేళ్ళుగా ఆయనకి ఎదురుగా కూర్చున్నా గానీ పక్కన కూర్చున్నది అదే మొదటిసారి. ఆయన ఏం చూస్తా ఉండాడో నాకు కనిపిస్తా ఉండాది. బంటు ఒక్కడుగే వేసేవాడు, రెండు వెయ్యచ్చని చెప్పినా వేసేవాడు కాదు. అయినా ముప్పై ఎత్తుల దాకా కంప్యూటరు ఆయన్ని ఏం చెయ్యలేకపోయింది. నేను ఆయన ఓడిపోవాలని వచ్చినానన్న సంగతే మరిచిపోయి ఉండాను.

అప్పుడు కంప్యూటరు ఒక గుర్రాన్ని ఊరికే వదిలేసింది. నాయన కళ్ళు మెరిసినాయి. "మంత్రితో కొట్టు," అన్నాడు.

ఎర అని నాకు తెలిసిపోయింది. పదిహేడాటల్లో నేను మింగిన ఎర అదే. మా మంత్రి ఆ గుర్రం కోసం పోతే, వాళ్ళ ఏనుగు తిన్నగా కిందికి దిగతాది. మా రాజు ముందర మూడు బంట్లు అడ్డం, రాజు యాడికీ పోలేడు, ఆటకట్టు. నాయన ఓడిపోతాడు. రేపు నేను సారం మీద ఉంటా. చెప్పింది చెప్పినట్టు చేస్తే చాలు, నా తప్పు కూడా ఉండదు. ఇంకో పక్క, కింద మూలలో మా ఒంటె ఒకటి పడుండాది. తెర మీద కాయలు చదునుగా ఉంటాయి కదా, ఆయన దాన్ని మరిచే పోయినాడు. అది ఐమూలగా పోతే ఆ ఏనుగునే కొట్టచ్చు.

నాయన ముఖం చూసినా. ఇస్త్రీ చొక్కా, మెడ కింద చెమట, తెర మీదికి వంగిపోయి పిల్లోడి మాదిరి నవ్వుకుంటా ఉండాడు. ఆ ముఖం పడిపోయేది నేను చూడలేననిపించింది. ఒంటెని పట్టుకోని ఏనుగుని కొట్టేసినా.

"ఏమ్మే, ఏం చేసినావు? మంత్రి అన్నా కదా!"

"అయ్యో నాయనా, ఇక్కడ మంత్రి అంటే ఇదే. సార్ వాళ్ళ మంత్రి. అలవాటులో జరిపేసినా."

వాద్యారు వెనక నుంచి పగలబడి నవ్వి, మా పదిహేడాటల కథ మొత్తం ఆయనకి తమిళంలో చెప్పినాడు. నాయన నవ్వలేదు. ఆ ఏనుగు ఉండిన గడి నుంచి కిందికి మా రాజు దాకా తెర మీద వేలుతో గీసి చూసుకున్నాడు. తర్వాత మెల్లగా ఒక్కొక్క ఎత్తు చెప్పినాడు. ఏనుగు పోయినాక కంప్యూటరుకి చెయ్యి విరిగినట్టయింది. ఇంకో ఇరవై ఎత్తుల్లో ఆటకట్టు. వాద్యారు చప్పట్లు కొట్టినాడు. ఇంగ్లీషులో వచ్చిన మాట ఏందని నాయన అడిగితే, "నువ్వు గెలిచినావు అని" అన్నా. నాకు నిజంగా సంతోషం. కానీ సైటు ఆశ అయిపోయింది, జన్మలో మాట ఎత్తకూడదు.

బస్సులో కిటికీ పక్కన నేను, నా పక్కన నాయన. పాలారు వంతెన మీదికి వచ్చినాం. నీళ్ళు లేవు, ఇసక మీద లారీలు నిలబడి ఉండాయి.

"మరిచిపోయి జరిపినావా, చూసే జరిపినావా?" అని అడిగినాడు.

మరిచిపోయినానంటే సరిపోయేది. మేస్త్రీ ఒకటి చెప్తే ఇంకొకటి చేసినవాళ్ళని ఆయన ఆ రోజే పంపించేస్తాడు, అది గుడియాత్తంలో అందరికీ తెలుసు. కానీ ఇంక పోయేదేముంది నాకు.

"చూసే," అన్నా.

"నేను చెప్పినట్టు చేసుంటే ఓడిపోయేవాణ్ణి."

"అవును."

"నేను ఓడుంటే నీకే కదా లాభం."

"నువ్వు ఓడేది నాకు చూడబుద్ధి కాలేదు నాయనా."

కాట్పాడి స్టేషను కాడ బస్సు ఆగింది, మనుషులు ఎక్కినారు, కదిలింది. అప్పుడు నాయన తిట్టడం మొదలుపెట్టినాడు. "ఇంకోసారి అట్ల చెయ్యొద్దు. నేను చెప్పింది తప్పని కనిపిస్తే, చెయ్యకముందే నోరు తెరిచి చెప్పాల. మూగదాని మాదిరి నీ ఇష్టానికి చేసి, తర్వాత కథలు చెప్పకూడదు. సారం మీద నిలబడి ఇట్ల చేస్తే కింద పనిచేసేవాళ్ళ నెత్తిన పడతాది."

"సరే నాయనా," అన్నా, తల వంచుకోని. తిట్టు తిట్టుగానే వినిపించింది నాకు. కె.వి. కుప్పం దాటినాకగానీ ఆ మాట నా బుర్రకెక్కలేదు.

"సారం మీద నిలబడేది ఎవురు నాయనా?" అని అడిగినా.

ఆయన తల సీటుకి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. "అది కూడా అడగాల్నా," అన్నాడు.